సహంలో నడిచిన గోడ

కాంక్రీటు గోడ చేత అడుగులు వేయించిన ఘనత నాకు తప్ప ఎవరికీ లేదనుకుంటాను. దానివల్ల ఒక మనిషి రెండేళ్లుగా ఎదురుచూస్తున్న సెలవు పోబోయింది.

అప్పుడు నేను ఒమాన్‌లోని అల్ ఖువైర్‌లో ఒక చిన్న ఆఫీసులో ఇళ్లకు త్రీడీ నమూనాలు చేసేవాణ్ణి. సహం అనే ఊళ్లో తోట ఉన్న ఒక ఒమానీ పెద్దమనిషి, ప్రహరీ పైఅంచు సముద్రపు అలలా లేచి పడుతూ ఉండాలన్నాడు. సాఫ్ట్‌వేర్‌లో 'వేవ్' అని ఒక సదుపాయం ఉంది. నొక్కితే తిన్నని గోడ అలలు తిరుగుతుంది. ముందురోజే వీడియో చూసి నేర్చుకున్నాను కాబట్టి నాకు అంతా తెలుసు.

తెలియనిది ఒక్కటే. ఆ అల ఒకచోట నిలవదు. ప్లే నొక్కితే కదులుతుంది. ఎక్కడ ఆపితే అక్కడున్న ఆకారమే గోడ. నేనేమో కనిపించిన ప్రతివారినీ పిలిచి ప్లే నొక్కి చూపించాను. టీ తెచ్చే ఆయనకు రెండుసార్లు. పొద్దున ఎడమ సగం ప్రింటు తీశాను. మధ్యాహ్నం, మరో నలుగురికి ప్రదర్శన అయ్యాక, కుడి సగం తీశాను. రెండూ సైటుకు పంపి హాయిగా నిద్రపోయాను.

సైటులో కాంక్రీటు పోయడానికి చెక్క అచ్చులు కట్టే సెంట్రింగ్ మేస్త్రీ రాజన్న. జగిత్యాల వైపు మనిషి, నాకంటే పదిహేనేళ్లు పెద్ద. గోడ పోశాకే సెలవని కంపెనీ చెప్పింది. గురువారం అతని ఫ్లైటు. సోమవారం ఫోన్ చేశాడు.

"సారూ, గోడ నడుమ గిదేంది?"

"ఏమైంది రాజన్నా?"

"ఎడమ దిక్కు చెక్క నా నెత్తికి తాకుతున్నది. కుడి దిక్కుది మోకాలికాడ మొదలైతున్నది. రెండు కలుస్తలేవు."

"కొలత తప్పు కోసుంటారు."

"ఇరవై ఏండ్ల సంది కోస్తున్న సారూ. వేలన్న కోసుకుంట గాని కొలత తప్ప."

ఫైలు తెరిచాను. తెరమీద గోడ ఆ రెండు ప్రింట్లకూ పోలిక లేకుండా మూడో ఆకారంలో ఉంది. పొద్దున మేనేజరుకు చూపించాను మరి.

కారు తీసి సహం వెళ్లాను. దారంతా క్షమాపణ సాధన చేశాను. రాజన్న ఆ చెక్కల ముందు కూర్చుని ఉన్నాడు.

"నిజం చెప్పుండ్రి సారూ. గోడ నడిచిందా?"

"నడిచింది. నేనే నడిపించాను."

"ఎంత దూరం?"

"పొద్దున్నించి మధ్యాహ్నం దాకా."

"మళ్ల కోస్తే వారం. నా టికెట్ ఖలాస్." తిట్టలేదు. తిడితే బాగుండేది. రెండు చెక్కల మధ్య ఖాళీ చూసి, "మూలకు పెట్టే గేటు ఈడ నడుమ పెడితే ఎట్లుంటది?" అన్నాడు.

"అర్బాబ్ ఒప్పుకోవాలి కదా?"

అర్బాబ్, అంటే తోట యజమాని, సరిగ్గా అప్పుడే దిగాడు. ఎత్తు వైపు చూశాడు. పల్లపు వైపు చూశాడు. ఖాళీలోంచి లోపలికి నడిచి వెళ్లి వెనక్కి వచ్చాడు. నేను మనసులో రాజీనామా రాస్తున్నాను.

"యే కిస్‌కా దిమాగ్ హై?" అన్నాడు, ఇది ఎవరి బుర్రలో పుట్టిందని.

రాజన్న తడుముకోకుండా నావైపు వేలు చూపించాడు.

"ఒక అల వస్తోంది, ఒక అల పోతోంది. మధ్యలో నా గేటు. బహుత్ అచ్ఛా!" అని నా భుజం తట్టాడు. "తమ్ముడి తోటకూ అచ్చం ఇలాంటిదే కావాలి."

సంతోషించాల్సిన సమయమే. కానీ ఆ రెండుసార్లు అలను ఎక్కడ ఆపానో ఎక్కడా రాసుకోలేదు. మూడు రోజులు ప్లే నొక్కి, ఆపి, నొక్కి, ఆపి, చివరికి టేపు పట్టుకుని మళ్లీ సహం వెళ్లి, నా గోడను నేనే కొలిచి తెచ్చుకున్నాను.

రాజన్న గురువారమే వెళ్లాడు. విమానాశ్రయం నుంచి ఫోన్ చేసి, "సారూ, గోడ ఆగిందా?" అన్నాడు. సెలవు అయ్యి తిరిగొచ్చాక నేను ఏ డ్రాయింగ్ పంపినా, బాగున్నారా అనే ముందు అదే అడిగేవాడు. అతను చనిపోయి ఏడాదైంది.

అందుకని ప్రింటర్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. అలను ఆపకుండా, ఆపిన చోటు రాసుకోకుండా, ఈ జన్మలో మళ్లీ ప్రింటు తీయను. తీసే ముందు ప్రతిసారీ, "సారూ, గోడ ఆగిందా?" అని నన్ను నేనే పైకి అడుగుతాను. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లు కుర్చీ కొంచెం దూరం జరుపుకుంటారు. జరుపుకోనీ. గోడ మాత్రం జరగడం లేదు.