ఆ సినిమాలో కవల తమ్ముడు లేడు

మొన్న కంకిపాడులో బంధువుల పెళ్లి భోజనాల దగ్గర మళ్లీ ఆ కథే చెప్పుకున్నారు. ఆ ఇంగ్లీషు గూఢచారి సినిమాలకు ఇంకో కొత్త హీరో వస్తున్నాడని పేపర్లో పడిందట. ఎవరో ఆ మాట ఎత్తగానే, నా పక్కన కూర్చున్న పెద్దాయన అన్నం కలుపుతూ, "మన కవలల మాస్టారు ఉంటేనా, పాతాయనా కొత్తాయనా ఒకే మనిషని నమ్మించేసేవాడు" అన్నాడు. పంక్తంతా నవ్వింది. నేనూ నవ్వాను. ముప్పై ఏళ్లుగా నవ్వుతూనే ఉన్నాను. ఇంక ఓపిక లేదు. జరిగింది చెప్పేస్తాను.

కవలల మాస్టారంటే మా మామయ్య, అమ్మకు అన్నయ్య. ఉయ్యూరులో హైస్కూలు పిల్లలకు ఇంగ్లీషు చెప్పేవాడు. ఆదివారం చర్చిలో బైబిలు చదివేది కూడా ఆయనే. ఆ గొంతు అలాంటిది. డెబ్బైల్లో మా ఊరి హాలుకు ఏడాదికి ఒకటో రెండో ఇంగ్లీషు సినిమాలు వచ్చేవి, అవీ బెజవాడలో ఆడి అరిగిపోయాక. వచ్చినప్పుడు తెర పక్కన కుర్చీ వేసి, చేతికి మైకు ఇచ్చి, మామయ్య చేత కథ తెలుగులో చెప్పించేవారు. ఆయన ముందుగానే బెజవాడ వెళ్లి సినిమా చూసి, నోటుబుక్కులో రాసుకుని వచ్చేవాడు. ఫ్యాక్టరీకి చెరుకు తోలుకొచ్చిన బళ్లవాళ్లు తూకానికి తమ వంతు వచ్చేదాకా హాల్లో కూర్చునేవారు. "ఇప్పుడు దొరసాని ఏమంటోందంటే" అని మామయ్య అందుకుంటే, ఆ దొరసాని అచ్చం మా పామర్రు పిన్నిలాగే దెప్పిపొడిచేది.

ఇంటర్ తప్పి ఖాళీగా తిరుగుతున్న నన్ను ఆ హాల్లో ఆపరేటరు దగ్గర పనికి పెట్టించింది కూడా ఆయనే. బస్సు మీద వచ్చిన రీళ్లను తుడిచి, చుట్టి, వరసగా డబ్బాల్లో పెట్టడం నా పని. ఆ గూఢచారి సినిమా వచ్చిన రోజు నా ధ్యాసంతా కొత్త హీరో మీదే ఉంది. పాతాయన మానేశాడట, ఇతను ఎలా ఉంటాడో అని ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి రెండు రీళ్లలో వెతికాను. పెసరగింజంత మొహం. అంతలో ఆపరేటరు కేకేశాడు. ఆరో రీలు ఎనిమిదో డబ్బాలో, ఎనిమిదోది ఆరో డబ్బాలో పడేసి పరిగెత్తాను.

మ్యాట్నీకి హాలు నిండింది. హీరో కనబడగానే గోల. "ఎవడితను? మనోడేడీ?" మామయ్య మైకులో ఓపిగ్గా, "మొహం మారిందని కంగారుపడకండి. మనిషి అతనే, ఉద్యోగమూ అదే" అని సర్దిచెప్పాడు. జనం ఒప్పుకున్నారు. నన్ను నమ్మిన ఆపరేటరు డబ్బా మీద అంకె చూసి రీలు ఎక్కించాడు. ఆరో డబ్బాలోని రీల్లో విలన్ కుడిభుజం, బట్టతలవాడు, కొండ మీంచి పడి చచ్చాడు. ఈలలు. తర్వాతి రీల్లో అదే బట్టతలవాడు తీరిగ్గా కాఫీ తాగుతున్నాడు. ఈలలు ఆగిపోయాయి. నాకు విషయం అర్థమైంది. మామయ్య వెనక్కి తిరిగి మా గది కంత వైపు ఒక్క క్షణం చూశాడు. తర్వాత, "ఇతను చచ్చినవాడి కవల తమ్ముడండీ" అన్నాడు.

బెంచీల్లోంచి ఒక చెరుకుబండి ఆయన లేచాడు. "మాస్టారూ! మొహం మారితే అదే మనిషంటారు, మొహం మారకపోతే వేరే మనిషంటారు! అసలు మీకు ఇంగ్లీషు వచ్చా అండీ?"

ఆ నవ్వు నాకు పైన గదిలోకి, మిషను రొదను దాటి వినబడింది. మామయ్య కథ చివరిదాకా చెప్పాడు. ఆ తర్వాత మళ్లీ ఎప్పుడూ ఆ మైకు పట్టుకోలేదు.

ఆట అయ్యాక మేనేజరు పైకొచ్చి, "రీళ్లేమైనా తారుమారయ్యాయా?" అని అడిగాడు. "లేదండి, వరసగానే పెట్టాను" అన్నాను. అప్పటికే రెండూ సరిచేసేశాను. మర్నాడు చర్చి నుంచి వస్తూ, సైకిలు నడిపించుకుంటూ, నా వైపు చూడకుండా మామయ్య అడిగాడు: "ఆరూ ఎనిమిదీ ఒకలా కనబడతాయిట్రా నీకు?"

నోరు తెరిస్తే చాలు. "లేదు మామయ్యా" అన్నాను.

"సరేలే. పని జాగ్రత్తగా చేసుకో" అన్నాడు.

సోమవారం ఆయన క్లాసులోకి వెళ్లేసరికి బోర్డు మీద రెండు బట్టతలలు గీసి ఉన్నాయట. ఇంగ్లీషు రాని ఇంగ్లీషు మాస్టారని ఊళ్లో పాకిపోయింది. మరుసటి ఏడు పెద్ద క్లాసులు కొత్తగా వచ్చిన కుర్ర మాస్టారికి ఇచ్చారు. మామయ్య చిన్న క్లాసులకు అక్షరాలు దిద్దిస్తూనే రిటైరయ్యాడు, ఆ పేరుతోనే పోయాడు. నా ఉద్యోగం మాత్రం పోలేదు.

ఆ సినిమాలో కవల తమ్ముడెవరూ లేరు. మామయ్యకు ఇంగ్లీషు బాగా వచ్చు. రీళ్లు మార్చింది నేను. ఈ మూడు మాటలకు ముప్పై ఏళ్లు తీసుకున్నాను, వినాల్సిన మనిషి వెళ్లిపోయేదాకా.