మూడో కట్టలోని తెల్ల చీరలు

నేత చీరల కొత్త మూట విప్పగానే గంజి వాసన గుప్పుమంటుంది. తిరువూరులోని నా చిన్న కొట్లో ఈ ఉదయం ఆ వాసన పీలుస్తూ, నా చిన్నప్పటి నుంచి ఈ వ్యాపారంలో పోయినవి లెక్క వేశాను. చీరల మూట నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగే ఆడవాళ్లు మా వీధిలో నలుగురుండేవారు, ఇప్పుడు ఒక్కరూ లేరు. మాకు నేసిచ్చిన మగ్గాలు పదకొండు, ఆడుతున్నవి మూడు. పత్తి కూలి చేతికి రాగానే మా దగ్గర చీర కొనే గంపలగూడెం ఇళ్లు ముప్పై పైనే, ఇప్పుడు ఆరు. పోయిన అమ్మ ఒక్కతే. ఇవన్నీ కలిపి కూడటానికి వీల్లేదు, ఒక రకం సరుకు కాదు.

నాన్న లారీ మీద వెళితే పది రోజులకు గాని వచ్చేవాడు కాదు కాబట్టి ఇల్లు అమ్మ మూట మీదే నడిచేది. వేసవిలో రెడ్డిగూడెం మామిడితోటల వైపు తిరిగొస్తే ఆమె చేతులు మామిడికాయ జీడి వాసన వేసేవి, చలికాలం గంపలగూడెం వెళ్లొస్తే పైట నిండా పత్తి పోగులుండేవి. రంజాన్‌కి సేమ్యాలు ఆరబోసే నులక మంచం మీదే మిగతా రోజుల్లో చీరలు పరిచి, మడిచి, ఆరు చీరల చొప్పున కట్టలు కట్టేవాళ్లం.

అమ్మకు ఒక పద్ధతి ఉండేది. అమ్మకానికి పోయే ప్రతి చీర కొంగు చివరనూ వేడి ఉప్పునీళ్లలో ముంచి తెల్లగుడ్డ మీద అద్దేది. గుడ్డకు రంగు అంటితే ఆ చీర నేతగాడికి వాపసు. అద్దిన చీరకు ఒకటి చొప్పున నేను గిన్నెలో చింతపిక్క వేయాలి. "రంగు పోతే చీరకి చీర" అన్న ఆమె మాట మీదే ఊళ్లలో బేరం సాగేది.

నాకు పదకొండేళ్లప్పుడు, గంపలగూడెం చర్చి ఆడవాళ్ల పెద్ద సువార్తమ్మ క్రిస్మస్‌కి పద్దెనిమిది తెల్ల చీరలు చెప్పింది. అన్నిటికీ ఒకే ఎర్రంచు ఉండాలంది. అమ్మకు అంత పెద్ద బేరం అదే మొదటిసారి. చీరలు మూడు కట్టలుగా వచ్చిన రోజు ఆమె విస్సన్నపేట వెళుతూ ముంచి అద్దే పని నాకు అప్పగించింది. ముంచిన చోట గంజి పోయి కొంగు ముడుచుకుంటుంది, పండక్కి కట్టే తెల్ల చీర చూడ్డానికి బాగుండదు. కట్టలో ఆరూ ఒకే మగ్గానివి, ఒకటి నిలిస్తే ఆరూ నిలిచినట్టేనని లెక్క కట్టాను. కట్టకొకటి చొప్పున మూడు అద్ది, పద్దెనిమిది పిక్కలు వేశాను. సాయంత్రం అమ్మ పిక్కలు లెక్కపెట్టుకుని మూట కట్టేసింది.

పండగైన వారానికి సువార్తమ్మ వచ్చింది. ఒక చేతిలో అరిసెల డబ్బా, ఇంకో చేతిలో సంచి.

"ముందు ఇవి తిను బీబీ. తర్వాత తిడతా."

సంచిలోంచి ఐదు చీరలు తీసి మంచం మీద పడేసింది. మొదటి ఉతుకుకే అంచు కారి తెల్ల చీరంతా గులాబీ మరకలు.

"మాకు చీరలమ్మావా, హోళీ ఆడించావా? మావాళ్లంతా ఇక నీ మూట విప్పనియ్యమంటున్నారు."

అమ్మ గిన్నె వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. చెప్పేశాను. మూడో కట్టలో నేను ముంచినదాని అంచు ఎప్పుడూ వాడే ఎర్ర నూలుదే. ఆ నూలు చాలక నేతగాడు మిగతా ఐదింటికీ వేరేచోట రంగు వేసిన నూలు వాడాడట.

"లెక్కలొచ్చినదానివి, చెయ్యి తడుపుకోలేకపోయావా రజియా?" అంది అమ్మ. సువార్తమ్మ నవ్వాపుకుని, "పిల్లని కొట్టమాకు వదినా, చీరలియ్యి" అంది.

మర్నాడు అమ్మ నన్ను గంపలగూడెం బస్సెక్కించి, ఆ ఐదిళ్ల గుమ్మాల ముందూ నిలబెట్టి, నేనే చేశానని నా నోటితో చెప్పించింది. అందరూ వినేలా, "చీరకి చీర ఇస్తా. ఒక్కసారే కుదరదు, కానీ ఇస్తా" అంది. ఒకామె తలుపేసేసింది. మిగతావాళ్లు చూద్దామన్నారు. ఏడాదిన్నరలో, వచ్చిన ప్రతి మూటలోంచి ఒక్కోటి పక్కన పెట్టి, నాలుగిచ్చింది. తలుపేసినామె నాలుగోది అందుకుని, ఇంకో రెండు కొంది. ఐదోది ఎస్తేరుది. పెళ్లయ్యాక ఆమె కొనుక్కున్న మొదటి చీర అది. ఆమె వంతు వచ్చేసరికి వాళ్లు మిరపకాయ కోతలకు వలసపోయారు, తిరిగి రాలేదు. అమ్మ ఏటా కోతలయ్యాక వాళ్ల వీధికెళ్లి అడిగొచ్చేది. ఇప్పుడు నేను వెళుతున్నాను. ఆ ఇంటి చోట సిమెంటు గోడౌను లేచింది, పాతవాళ్లెవరికీ వాళ్లెక్కడున్నారో తెలియదు.

ఏడో తరగతితో బడి మానేసిన నేను ఆ ఊళ్ల ఆడవాళ్ల నమ్మకం మీదే కొట్టు పెట్టాను. ఫోన్లో చూసి అడిగేవాళ్లకూ పంపుతున్నాను. కొత్త చీర కొంగు ముడుచుకుందేమండీ అని సణుగుతారు, అయినా ముంచకుండా ఒక్కటీ గడప దాటదు. ఈ ఉదయం మూటలో నలభై రెండు వచ్చాయి, నలభై రెండూ ముంచాను. రెండు వాపసు పంపాను. ఎస్తేరుకి ఇవ్వాల్సింది మాత్రం అలాగే ఉంది: ఒక చీర.