చేరే తేదీ

ఆ ఊళ్లో నరాల జబ్బులకు పెద్ద డాక్టరు ఒక్కరే. ఆయన ఆస్పత్రి ముందుగదిలో కూర్చుని ఉత్తరాలు కొట్టే ఆవిడను రోగులందరూ టైపమ్మ అనేవాళ్లు. పెళ్లయిన కొత్తలో ఆ కుర్చీలో కూర్చుంది, జుట్టు నెరిసినా అదే కుర్చీ. డాక్టరుగారు కిటికీ దగ్గర పచార్లు చేస్తూ చెప్పుకుపోతుంటే షార్ట్‌హ్యాండులో రాసుకుని, ఆనక శుభ్రంగా టైపు చేసేది. ఆయనది దురుసు నోరు. అక్షరం తప్పు పడితే కాగితం చించి బుట్టలో వేసేవారు. ఆమె ఇంకో కాగితం ఎక్కించేది.

ఆమె భర్త బస్సు కండక్టరు, కబుర్ల పుట్ట. అతని మాటల్లో పడి దిగాల్సిన చోటు దాటిపోయినవాళ్లు ఎంతమందో. అలాంటి మనిషికి ఉన్నట్టుండి వేళ్లు టికెట్టు చింపడానికి మొరాయించాయి. తర్వాత కాళ్లు తడబడ్డాయి. డాక్టరుగారు పరీక్షలన్నీ చేసి, ఆమెను లోపలికి పిలిచి, ఉన్నదున్నట్టు చెప్పేశారు. కండరాలు ఒకటొకటే చచ్చుబడతాయి, ఆఖరికి ఊపిరి కూడా ఆగిపోతుంది, దీనికి మందు లేదు.

అప్పటినుంచి ప్రతి ఆదివారం ఆయనే ఇంటికొచ్చి చూసేవారు. గొంతుకు అడ్డంపడ్డ కఫం ఎలా తీయాలో, ఊపిరాడక గిలగిల్లాడితే ఏం చేయాలో ఆమెకు నేర్పించారు. మరీ కష్టమైనప్పుడు కబురు పెడితే చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా వచ్చేసేవారు.

ఆ చలికాలంలో ఆయనకు విశ్వవిద్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. నరాల వైద్యానికి కొత్త విభాగం పెడుతున్నారట, దానికి ఆయనే అధిపతిగా రావాలట. ఆయన కుర్రతనం నుంచీ కోరుకున్నదే అది. అయినా వెంటనే ఊ అనలేదు. పడకలెన్ని, ప్రయోగశాల విడిగా ఉంటుందా, విద్యార్థులను ఎంచుకునే హక్కు ఎవరిదని ఉత్తరం మీద ఉత్తరం రాయించారు. జవాబులన్నీ అనుకూలంగానే వచ్చాయి. ఇక చేరే తేదీ ఒక్కటే మిగిలింది.

"ఎండాకాలం దాటాక చేరగలనని రాయమ్మా. ఇక్కడ నా చేతిలో ఒక బాధ్యత ఉంది. అది అప్పటికి తీరిపోవచ్చు." ఆయన ఇటు తిరగలేదు. "రాశావా?"

"రాశానండి."

ఆ బాధ్యత ఎవరో ఆమె అడగనక్కరలేకపోయింది.

ఎండాకాలం వెళ్లిపోయింది. భర్త మాట ముద్దముద్దగా మారి ఆమెకొక్కదానికే అర్థమయ్యే దశకు వచ్చింది గాని, ప్రాణం గట్టిగానే ఉంది. డాక్టరుగారు వానలు తగ్గేదాకా గడువు కోరారు. ఇంకొన్నాళ్లు ఆయన ఇక్కడే ఉంటారని, ఆ ఉత్తరం టైపు చేసిన రోజు ఆమెకు కాళ్లు నేలమీద ఆనలేదు. వానలూ తగ్గాయి. ఈసారి అక్కడినుంచి రెండే ముక్కలు వచ్చాయి: వచ్చే నెల మొదటి తేదీకి చేరకపోతే వేరొకరిని చూసుకుంటాం.

ఆమె ఇంటికెళ్లి భర్తకు సంగతంతా చెప్పింది. అతను నవ్వబోతే దగ్గు తెర కమ్ముకుంది. అది తగ్గాక ఒక్కొక్క మాటా కూడదీసుకుని, "స్టాపు వచ్చినా దిగనిది నేనేనన్నమాట. పాపం, ఆయన్ని వెళ్లమను," అన్నాడు.

మర్నాడు ఆ మాటే డాక్టరుగారితో చెప్పింది.

"నేను వెళితే అతనికి ఊపిరాడనప్పుడు ఎవరొస్తారు?"

"ఎవరూ రారండి."

"సరే, అతని మాట చెప్పావు. నువ్వేమంటావు?"

వెళ్లండి అని చెప్పాలనే వచ్చింది. దారి పొడుగునా అనుకుంటూనే వచ్చింది. తీరా ఆయన అడిగేసరికి, "వెళ్లమని నేననలేనండి," అంది తల వంచుకుని.

ఆయన కిటికీ దగ్గరకు వెళ్లి, రాలేనని నాలుగు వాక్యాలు చెప్పారు. ఆమె ఒక్క తప్పూ లేకుండా కొట్టింది. పోస్టులో వేసింది కూడా ఆమే.

ఆ ఉత్తరానికి జవాబైనా రాకముందే అతను పోయాడు. గిలగిల్లాడలేదు. డాక్టరుగారు పక్కనే కూర్చుని గుండెమీద చెయ్యి వేసి ఉండగా, సాయంత్రం పూట, నిద్రలోకి జారినట్టు పోయాడు.

కార్యాలన్నీ అయి పనిలోకి వచ్చిన రోజు, ఇంకోసారి రాద్దామండీ అని ఆమే అడిగింది. ఆయన అభిమానం చంపుకుని రాయించారు. ఆ పదవిలో ఆయన శిష్యుడే ఒకడు చేరిపోయాడని, చింతిస్తున్నామని జవాబు వచ్చింది.

తర్వాత కొన్నాళ్లకు ఏదో ఉత్తరంలో ఒక అంకె తప్పు పడింది. ఆయన కాగితం చించి, "ఆ మనిషి ఒక్క పది రోజులు ముందు పోయుంటే నాకీ బతుకు తప్పేది," అన్నారు. అన్నాక ఆయన ముఖం పాలిపోయింది. లోపలికి వెళ్లిపోయారు. క్షమించమని అప్పుడూ అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు.

ఇక ఆ గడప తొక్కకూడదనుకుంటూ ఆమె ఇల్లు చేరింది. పొయ్యి వెలిగించలేదు. రాత్రంతా ఆ మాటను తిట్టుకుంది. కానీ, ఆయన అనకముందే అది తన మనసులోనూ ఒకసారి మెదిలిందని ఆమెకు తెలుసు. అందుకే తెల్లారాక మొహం కడుక్కుని మళ్లీ వెళ్లి ఆ కుర్చీలో కూర్చుంది.

శిష్యుడి దగ్గరనుంచి అప్పుడప్పుడూ ఉత్తరాలు వచ్చేవి, అంతుపట్టని జబ్బుల గురించి సలహా అడుగుతూ. డాక్టరుగారు ప్రతిదానికీ ఓపిగ్గా జవాబు చెప్పేవారు. ఆమె రాసుకునేది.