మనీ ట్రీని గుర్తు అడిగిన వేసవి

మట్టిని చేసి, ఆ మట్టిలోంచి ఆకునీ మనిషినీ లేపిన దేవునికి స్తోత్రం. నాలాంటి తొందరపాటు మనిషిని ఇన్నేళ్ళుగా ఓర్చుకుంటున్న ఆయన దీర్ఘశాంతానికి మరీ స్తోత్రం.

ఈ ఉదయం మా హాల్లో కిటికీ పక్కనున్న కుండీ మీదికి వంగేసరికి పుల్లటి వాసన తగిలింది. మా అత్తగారు ప్రేమకొద్దీ మూడు రోజులుగా చెంబెడేసి నీళ్ళు పోస్తున్నారట. నీళ్ళు నిలిచి పులిసిన మట్టి వాసన అది. అది తగలగానే నాకు విజయవాడ వీధి చప్పుడు వినబడలేదు. ఇబ్రహీంపట్నంలో ఒక అద్దె గది, ఫోనులో సలోమి టీచర్ గారి గొంతు గుర్తొచ్చాయి.

మా చర్చి సంఘం నడిపే చిన్న బడికి ఆవిడ హెడ్‌మిస్ట్రెస్. ట్రైనింగ్ అవగానే నేను అక్కడ చేరాను. అమ్మ లేనిదాన్నని తెలిసినా ఆవిడ ఒక్కనాడూ జాలి మాట అనలేదు. నా పాఠాల నోట్సు ఎర్ర సిరాతో దిద్దేవారు, టిఫిన్ తినకుండా వస్తే అందరి ముందూ తిట్టి తన డబ్బా నా ముందుకు తోసేవారు. పెళ్ళికాని ఆవిడకీ, తల్లిలేని నాకూ మధ్య ఉన్న బంధానికి మేమిద్దరం ఎప్పుడూ పేరు పెట్టలేదు.

ఆవిడ గదిలో ఒక మనీ ట్రీ ఉండేది. సీసాల్లో పాకే మనీప్లాంట్ కాదు. మూడు కాండాల్ని జడలా అల్లి, చేతివేళ్ళలా అయిదేసి ఆకులతో పెంచే మొక్క. పాత విద్యార్థులు కడియం నర్సరీ నుంచి తెచ్చిచ్చారు. దారిలో లారీలు లేపే దుమ్ము ఆకుల మీద పడితే టీచర్ గారు శనివారం శనివారం తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడిచేవారు. మా వీధిలో ఉండే మరియమ్మక్క ఒకసారి అడిగేసింది. "విశ్వాసుల గదిలో ఈ అదృష్టం మొక్కేంటండీ?"

"పేరు పెట్టింది అమ్మేవాడమ్మా, పుట్టించింది దేవుడు. కాస్త ఆ గుడ్డ ఇలా ఇవ్వు" అన్నారు టీచర్ గారు.

ఆ వేసవిలో ఆవిడ కడుపులో గడ్డ ఉందని తేలింది. వేలూరులో ఆపరేషన్. తోడుగా చెల్లెలు వెళ్ళింది. నేనూ వస్తానంటే వద్దనలేదు, రమ్మనీ అనలేదు. బయలుదేరేముందు మొక్కని ఆటోలో నా గదికి తెచ్చి దింపారు. "మట్టిలో వేలు రెండు కణుపులు దించి చూడు. పొడిగా ఉంటేనే నీళ్ళు పొయ్యి. ఎండ నేరుగా తగలనివ్వకు. అంతే, ఇంకేం చెయ్యకు" అన్నారు.

నేను చాలా చేశాను. లేఖనాల్లో ఒక న్యాయాధిపతి గొర్రెబొచ్చు కళ్ళంలో పరిచి, మంచుకి అదొక్కటే తడవాలని దేవుణ్ణి గుర్తు అడిగిన సంగతి చిన్నప్పట్నుంచీ విన్నదాన్ని. మోకరించి నేనూ అడిగాను: "ప్రభువా, ఆదివారంలోగా ఈ మొక్కకి కొత్త ఆకు వస్తే టీచర్ గారు బతుకుతారని నమ్ముతాను." అక్కడితో ఆగినా బాగుండేది. గృహ ప్రార్థన కూడికలో లేచి నిలబడి అందరికీ ఆ సంగతి చెప్పాను. ఆ రోజు నుంచి రెండు పూటలా ప్రార్థన చేసి నీళ్ళు పోశాను. మట్టిలో వేలు పెట్టి చూడడం అల్పవిశ్వాసంలా అనిపించింది.

శుక్రవారానికి ఆకులు పసుపెక్కాయి. శనివారం రెండు రాలాయి. మరియమ్మక్క గుమ్మంలోకి వచ్చి, "ఆకొచ్చిందా అమ్మా?" అని అడిగి, కుండీ వైపు చూసి వెళ్ళిపోయింది. ఆదివారం నేను గుడికి వెళ్ళలేదు. వెళ్ళి ఏం చెప్పాలో తెలియలేదు. ఆవిడ చనిపోతారని దేవుడే నాకు చెప్పేశాడనుకున్నాను.

ఆ మధ్యాహ్నం టీచర్ గారే ఫోన్ చేశారు.

"ఇక్కడ ఇడ్లీ బాగుందే. కారప్పొడే మనది కాదు. నీ గొంతేంటి అలా ఉంది?"

ఏడుస్తూ అంతా చెప్పేశాను. అటునుంచి చిన్నగా నవ్వు వినబడింది.

"రోజుకి ఎన్నిసార్లు పోశావు?"

"రెండు పూటలా, టీచర్ గారూ. ప్రార్థన చేసి."

"ప్రార్థన చేసి పోసినా అవి నీళ్ళేనే. వేళ్ళు కుళ్ళుంటాయి. దేవుడు నా సంగతి చెప్పాలంటే నాకే చెబుతాడు గానీ, నీ గదిలో కుండీకి కబురు పంపుతాడా?" అన్నారు. తర్వాత గొంతు తగ్గింది. "కరుణా, ఎల్లుండి ఆపరేషన్. నాకూ భయంగానే ఉంది. నువ్వక్కడ కూర్చుని నా ఆయుష్షు లెక్క అడుగుతున్నావు. నువ్వొస్తే బాగుండునని నేనిక్కడ చూస్తున్నాను."

నా భక్తి ఎంత దూరంలో కూర్చుని ఉందో ఆ మాటతో తెలిసింది. ఆవిడ ఫోనులో చెప్పినట్టే మొక్కని కుండీలోంచి తీసి, మెత్తబడ్డ వేళ్ళు కత్తిరించాను. మూడు కాండాల్లో ఒకటి నొక్కితే వేలు దిగింది. దాన్ని అల్లికలోంచి లాగేసి, మిగిలిన రెంటినీ ఇసుక కలిపిన మట్టిలో నాటాను. వారందాకా చుక్క పోయొద్దని మరియమ్మక్కకి అప్పగించి, మర్నాడు రైలెక్కాను. ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళేదాకా టీచర్ గారు నా చెయ్యి వదల్లేదు. ప్రార్థన చెయ్యమన్నారు. నాకు మాటలు రాకపోతే ఆవిడే చేశారు.

ఆవిడ కోలుకున్నారు. తిరిగొచ్చాక సంఘం ముందు నిలబడి, నేను పెట్టిన గుర్తు నాదే గాని దేవునిది కాదని ఒప్పుకున్నాను. ఆవిడ బడికి వచ్చి నెల దాటాక గాని మొక్క చిగురించలేదు. "చూశావా, దానికంటే నేనే ముందొచ్చాను" అన్నారు.

ఆరేళ్ళ తర్వాత ఆవిడ ప్రభువు దగ్గరకు వెళ్ళారు. ఆ వారం, ఇప్పుడు మా హాల్లో ఉన్న ఈ మొక్క నిండా చిగుర్లే. నేను వాటిని ఏమీ అడగలేదు. చివరి పదకొండు రోజులూ ఆవిడ మంచం పక్కనే ఉన్నాను. అది చాలు నాకు.

మా సంఘంలో ఒక సహోదరికి వచ్చే మంగళవారం గుండె ఆపరేషన్. నిన్న ఆవిడ కూతురు నన్ను పక్కకి పిలిచి, "ఆంటీ, అమ్మకి బాగవుతుందని మీకేమైనా దేవుని వాక్కు వచ్చిందా?" అని అడిగింది. "రాలేదమ్మా. కానీ పొద్దున ఆరింటికే ఆసుపత్రికి వచ్చి నీ పక్కన కూర్చుంటాను. టిఫిన్ ఏం తేను?" అన్నాను. ఆ పిల్ల నా భుజం మీద తల పెట్టుకుంది. ఉప్మా తెమ్మంది.

ఈ మాటలు చదువుతున్న మీరూ ఒక్క నిమిషం ఆ తల్లీకూతుళ్ళ కోసం నాతో కలిసి ప్రార్థించండి. ఏం జరుగుతుందో చెప్పమని ఆయన్ని అడగొద్దు. దగ్గరగా ఉండమని అడుగుదాం. ఆమేన్.