నేలమాళిగలో హాజరు

ఆ రోజుల్లో నా కంటికి పిల్లలు రెండే రకాలు: బడికొచ్చేవాళ్ళు, ఎగ్గొట్టేవాళ్ళు. కువైట్‌లో కొత్తగా టీచరు ఉద్యోగం, ఇరవై రెండేళ్ళ వయసు, (చీర కుచ్చిళ్ళు నిలవకపోయినా) గొంతు మాత్రం హెడ్మిస్ట్రెస్‌ది. ఇరాక్ సైన్యం వచ్చిపడి బడి మూతపడితే ఊరుకున్నానా? జాబ్రియాలో మా పిన్నివాళ్ళ బిల్డింగు నేలమాళిగలో చుట్టుపక్కల పిల్లలను పోగేసి క్లాసు పెట్టాను. బాబాయి పాత డైరీయే హాజరుపట్టీ. పేరు పిలవగానే పిల్లలు "ప్రెజెంట్ టీచర్!" అని అరిస్తే పిన్ని పైనుంచి పరిగెత్తుకొచ్చేది. "మెల్లిగా పలకండర్రా, వీధిలో సైనికులున్నారు!" అనేది. అప్పట్నుంచీ మా హాజరంతా గుసగుసల్లోనే.

అందరిలోకీ వేళకొచ్చేది పదో తరగతి పిల్ల. 'టంచన్' అని పిలిచేవాళ్ళం. కడపవాళ్ళు. వెనక వీధిలో ఒక కువైటీ ఇంట్లో నాన్న డ్రైవరు, అమ్మ వంటమనిషి. ఈ ఏడు పరీక్ష పోతే మళ్ళీ చదువు ఉండదని ఆ పిల్లకి ఒకటే భయం. అలాంటిది వరసగా నాలుగు రోజులు రాలేదు. నాకు ఒళ్ళు మండింది. పిన్నిని వెంటబెట్టుకుని వెళ్ళి గుమ్మంలోనే ఉపన్యాసం అందుకున్నాను.

"పదో తరగతి పిల్లని ఇంట్లో కూర్చోబెడతారా? కన్నవాళ్ళకి బాధ్యత ఉండొద్దా? ముందు వాళ్ళ నాన్నని పిలవండి!"

వాళ్ళమ్మ నా మొహంలోకి చూసింది. "యాడుండాడని పిల్చేది టీచరమ్మా? ఖుబ్జు రొట్టెలు తెస్తానని పోయినోడు, నాలుగు దినాలాయ, రాల్యా. ఇంటి ఓనర్లు, మామా వాళ్ళు, దేశంలో లేరు, నేను కదిలితే ఇల్లు దోచుకుంటారు. రొట్టెల కాడ లైన్లో ఆ బిడ్డే నిలబడాల."

సిగ్గుతో చచ్చిపోయాను. పిన్నే ఆవిడ చెయ్యి పట్టుకుని, "నువ్వు పిల్లని పంపించెయ్యమ్మా, రొట్టెల సంగతి మేం చూసుకుంటాంలే" అంది.

బిల్డింగులో అమ్మలంతా వంతులేసుకున్నారు. వారానికి రెండు రోజులు నా వంతు. ఆ రెండు రోజులూ క్లాసుకి ఆలస్యంగా వచ్చేది టీచరే! (పిల్లలు గుసగుసగా నవ్వుకునేవాళ్ళు.) టంచన్ మళ్ళీ ఒక్కరోజూ మానలేదు. వాళ్ళ నాన్న జాడ మాత్రం తెలియలేదు.

తర్వాత ఒక్కో కుటుంబమే బస్సెక్కి, అమ్మాన్ మీదుగా ఇండియా వెళ్ళిపోసాగింది. డైరీలో పేర్లు కొట్టేస్తూ వచ్చాను. ఒకరోజు బాబాయి, "యల్లా, సర్దుకోండి, రేపు తెల్లారే మన బస్సు" అన్నాడు. ఆ పూట క్లాసులో మిగిలింది టంచన్ ఒక్కతే. నాన్న దొరికేదాకా వాళ్ళు కదలరట.

"రేపు మీరు రారా టీచర్?" అంది.

రానని చెప్పడానికి నోరు రాలేదు. "మిగిలిన లెక్కలన్నీ చేసి ఉంచు, వచ్చి దిద్దుతాను" అన్నాను. ఆ పిల్ల బుద్ధిగా నోటుబుక్కులో రాసుకుంది.

వాళ్ళ నాన్న తిరిగొచ్చాడో లేదో, తను పరీక్ష రాసిందో లేదో నాకిప్పటికీ తెలియదు. కడపవాళ్ళెవరు కనిపించినా అడుగుతూనే ఉంటాను. యుద్ధం మధ్యలో హోంవర్కు ఇచ్చి పారిపోయిన ఆ వెర్రి టీచరును తలుచుకుంటే నవ్వొస్తుంది. టంచన్ ఆ లెక్కలు చేసే ఉంటుంది.