మామ్మ దిద్దిన గ్యాసు కొలిమి

ఆ రోజుల్లో పెన్సిలు పట్టి తిన్నగా గీత గీయగలిగి, ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాయగలిగితే చాలు, మనిషి సగం ఇంజనీరు కింద లెక్క. మిగతా సగం సంగతి ఎవరూ అడిగేవారు కారు. గోదావరి మీద రైలు వంతెన కట్టి కొన్నేళ్ళయిన కాలం అది. నేను రాజమండ్రిలో చదువు వెలగబెడుతూ ఎఫ్.ఏ. లెక్కల్లో బోర్లా పడ్డాను గానీ, డ్రాయింగు పరీక్షలో మాత్రం పైవరసలో నిలిచాను. (లెక్కలు రానివాడికి బొమ్మలు బాగా గీయడం వస్తే ఎంత ప్రమాదమో అప్పటికి నాకుగానీ, నన్ను ఉద్యోగంలో పెట్టుకున్న వారికిగానీ తెలియదు.) ఆ ధైర్యంతోనే సామర్లకోట దగ్గర కాలవగట్టున ఉన్న ఒక బియ్యం మిల్లులో రైటరుగా చేరాను. రైటరు పనంటే వచ్చిన ఉత్తరాలు మిల్లు యజమాని కామందుగారికి చదివి వినిపించడం, ఆయన తెలుగులో చెప్పింది ఇంగ్లీషులో రాయడం. ఆయన రెండు మాటలు చెబితే నేను రెండు పేజీలు రాసేవాణ్ణి. అది చూసి ఆయన "మా రైటరు చెయ్యి మంచిదండి" అని అందరితోనూ చెప్పుకునేవారు. అంత మంచి మనిషి.

నేను చేరిన ఏడాదే మిల్లులోకి గ్యాసు కొలిమి వచ్చింది. అంతకు ముందు ఆవిరి ఇంజను ఉండేది, దాని బాయిలరుకి పడవల మీద కట్టెలు తెప్పించవలసి వచ్చేది. మరోపక్క మిల్లు వెనక ఊక కొండలా పేరుకుపోయి, గాలి వీస్తే చాలు, ఊళ్ళోవాళ్ళ కళ్ళలోనూ కూరల్లోనూ పడేది. ఈ ఊకతోనే ఇంజను నడిపే యంత్రం మద్రాసులో ఒక కంపెనీ అమ్ముతోందని తెలిసి కామందుగారు ముచ్చటపడి దాన్ని తెప్పించారు. తెప్పించిన ఊపులో పాత బాయిలరు అమ్మేశారు కూడా. యంత్రం సంగతి పెద్ద చిక్కేమీ కాదు. రెండు నిలువుల ఎత్తు ఇనప గొట్టం, లోపల చుట్టూ ఇటుకల కట్టు. పైనుంచి ఊక పోసి అడుగున నిప్పు పెట్టాలి. అయితే నిప్పుకి గాలి నిండుగా ఇవ్వకూడదు, సగం ఊపిరితో ఉక్కిరిబిక్కిరి చేయాలి. అప్పుడు అది మంటగా మండకుండా గ్యాసు వదులుతుంది. ఆ గ్యాసుని నీళ్ళలో కడిగి ఇంజనులోకి పంపితే అక్కడ మండి ఇంజను తిరుగుతుంది. కంపెనీవాళ్ళు పంపిన మనిషి వచ్చి, బొగ్గులు వేసి నడిపి చూపించి, అందరిచేతా చప్పట్లు కొట్టించుకుని, మర్నాడే పడవెక్కేశాడు. ఆ తర్వాత మేం ఊక పోశాం. ఇంజను నాలుగుసార్లు దగ్గి పడుకుంది.

యంత్రంతో వచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉంది. ఆ మిల్లులో ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. అంచేత అందులో ఏముందో నేను చెప్పిందే వేదం. నిజానికి అందులో సగం నాకూ అర్థం కాలేదు, కానీ అర్థం కాలేదని చెప్పే అలవాటు నాకు లేదు. "గాలి చాలడం లేదండి" అని ఒకరోజు, "గాలి ఎక్కువైందండి" అని మరునాడు సిద్ధాంతం చెప్పేవాణ్ణి. మా ఫిట్టరు గారు ధవళేశ్వరం వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్ళు సుత్తి పట్టిన పెద్దాయన. ఆదివారం ప్రార్థనకి తప్ప మిల్లు వదిలేవాడు కాదు. నేను గీసిన బొమ్మ చూసి, "గీత బాగుందండి రైటరు గారూ" అనేవాడు. గీత మాత్రమే బాగుందన్నాడని గ్రహించడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. నా సలహా మీద గొట్టం పొడుగు చేశాం, తర్వాత పొట్టి చేశాం, తిత్తి పెట్టి గాలి ఊదాం. ఊదిన రోజున కామందుగారు తన వియ్యాలవారిని వెంటబెట్టుకుని యంత్రం చూపించడానికి వచ్చారు. లోపల పైకప్పులా గడ్డకట్టి నిలబడిపోయిన ఊక సరిగ్గా అప్పుడే విరిగి నిప్పుల్లో పడింది. ఢామ్మని మూత ఎగిరి రేకుల కప్పుకి తగిలి కిందపడింది. మల్లెపువ్వులాంటి ఉత్తరీయాలతో వచ్చిన నలుగురు పెద్దమనుషులూ ఒక్కసారిగా నల్లగా అయిపోయారు. వియ్యంకుడుగారు తుమ్మి, "ఇందులో బియ్యం కూడా ఆడతాయా బావగారూ?" అని అడిగారు. కామందుగారు నా జోలికి రాకుండా వియ్యంకుడుగారి ఉత్తరీయం దులపసాగారు. తిట్టి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

ఆ పరాభవం పోగొట్టుకోవాలని మర్నాడు పొద్దున్నే కొలిమి ఎక్కాను. అడుగున నిప్పు ఇంకా ఆరలేదు. మూత తీసి, లోపల ఊక ఎక్కడ చిక్కుకుంటోందో స్వయంగా చూద్దామని తల లోపలికి పెట్టాను. ఆ గ్యాసుకి రంగూ వాసనా ఉండవనీ, పీల్చిన మనిషిని మాటామంతీ లేకుండా పడేస్తుందనీ పుస్తకంలో పెద్ద అక్షరాలతోనే ఉందట. ఆ పేజీ నేను ఇంకా తిప్పలేదు. గొట్టం కిందికి పోనుపోను గరాటులా సన్నబడుతోందని, ఊక సరిగ్గా ఆ మెడ దగ్గరే పట్టేస్తోందని చూసిన గుర్తుంది. తర్వాత కళ్ళు తెరిచేసరికి కాలవగట్టు మీద పచ్చిగడ్డిలో వెల్లకిలా ఉన్నాను. తల పగిలిపోతోంది. ఫిట్టరు గారు నా మొహాన నీళ్ళు కొడుతూ, "ప్రభువా, ఈ ఒక్కసారికి" అంటున్నాడు. నన్ను భుజాన వేసుకుని నిచ్చెన దిగేటప్పుడు ఆయన మోకాలు చెక్కుకుపోయి రక్తం కారుతోంది. అది ఆయన చూసుకోనేలేదు.

"వాసన లేకపోతే విషం లేదనుకున్నారేంటండీ?" అన్నాడు, నేను కాస్త తేరుకున్నాక. "మీ అమ్మగారికి మేం ఏం చెప్పుకోవాలండి?"

ఈ రోజు కూర్చుని ఇది రాస్తున్నానంటే ఆ పెద్దాయన మోకాలి చలవే.

ఆ సాయంత్రం కామందుగారు నన్ను పిలిచి, "నువ్వు ఇంటికెళ్ళి పదిరోజులు ఉండి రావయ్యా. యంత్రం వెనక్కి ఇచ్చేద్దాం. మనిషి ప్రాణం కన్నానా?" అన్నారు. అలా అన్నారే గానీ ఆయన కళ్ళు మిల్లు ముంగిట్లోని బస్తాల మీదే ఉన్నాయి. చుట్టుపక్కల ఊళ్ళ రైతులు నమ్మి తెచ్చిపోసిన ధాన్యం అది. తొలకరి ముసురు పట్టిందంటే అందులో సగం మొలకెత్తుతుంది. పాత బాయిలరు లేదు, కొత్త కొలిమి కదలదు. అంతా నేను చదివి చెప్పిన పుస్తకం పుణ్యమే.

పిఠాపురంలో మా ఇంటికి వెళ్ళి సంగతి చెప్పగానే అమ్మ నన్ను తిట్టలేదు, కొలిమినీ తిట్టలేదు. "పెద్దాపురం మరిడమ్మ తల్లికి మొక్కుకున్నానురా, జాతర మొదలైంది, పద" అంది. నేను ప్రాణాపాయంలో ఉన్నానని ఆవిడకి తెలిసే వీలే లేదు, ఎప్పుడు మొక్కుకుందో నాకు అర్థం కాలేదు. (అడిగితే, "నువ్వు ఉద్యోగంలో చేరిన రోజునే" అంది.) మొక్కు తీర్చుకుని బయటికొచ్చాక మరమరాలు కొనుక్కుందామని వీధి చివర బట్టీ దగ్గర ఆగాం. ఒక ముసలావిడ ఇసక మూకుట్లో మరమరాలు వేపుతోంది. ఊళ్ళో అందరూ ఆవిణ్ణి మామ్మ అనే పిలుస్తున్నారు. జాతర జనం మీద పడుతున్నా ఆవిడ చేతిలో తొందర లేదు. కుడిచేత్తో చీపురుకట్టతో ఇసక తిప్పుతోంది, ఎడంచేత్తో పక్కనున్న బుట్టలోంచి కొబ్బరిచిప్పతో దేన్నో తీసి పొయ్యి నోట్లో చల్లుతోంది. చూస్తే ఊక! మా మిల్లుని ముంచిన ఊకే అక్కడ బుద్ధిగా, ఎర్రగా కాలుతోంది.

నేను పొయ్యి ముందు గొంతుకూర్చుండిపోయాను. అమ్మ "లేరా, జనం చూస్తున్నారు" అంటున్నా లేవలేదు.

"ఏంటి బాబూ అలా చూత్తున్నావు? పొయ్యి ఎప్పుడూ చూడలేదా?" అంది మామ్మ.

"మామ్మా, ఊక ఇందులో పట్టెయ్యదా? గడ్డకట్టి నిలబడిపోదా?"

"కూరితే నిలబడతాది. ఊకకి అభిమానం ఎక్కువ బాబూ. కూరితే అలిగి కూచుంటాది, చల్లితే చెప్పిన మాట ఇంటాది."

వంగి పొయ్యి లోపలికి చూశాను. (ఈసారి దూరం నుంచే.) నోరు ఇరుకు, కిందికి పోనుపోను కడుపు వెడల్పు. మా కొలిమికి సరిగ్గా తలకిందులు! పైనుంచి పడ్డ ఊకకి పట్టుకోవడానికి ఎక్కడా ఆనిక లేదు. ఆ వీధిలో అంతమంది మధ్య నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

మర్నాడే మిల్లుకి పరుగెత్తి కొత్త బొమ్మ గీసి కామందుగారి ముందు పెట్టాను. ఆయన చూసి, "ఎలా తట్టిందయ్యా ఇది?" అన్నారు. "బాగా ఆలోచించానండి" అన్నాను. ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. ఫిట్టరు గారు మాత్రం బొమ్మని చాలాసేపు చూసి, మొదటిసారి "గీత బాగుంది" అనకుండా, "ఇది పనిచేత్తాదండి" అన్నాడు. తాపీమేస్త్రీ లోపలి ఇటుకలు ఊడదీసి, పైన ఇరుకుగా, కింద వెడల్పుగా తిరిగి కట్టాడు. ఆరాక ఊక పోసి నిప్పు పెట్టాం. ఇంజను పావుగంట గుర్రంలా పరుగెత్తింది. కామందుగారు చెయ్యెత్తి దణ్ణం పెట్టేలోపల దగ్గి ఆగిపోయింది. కూలీలు పాత అలవాటు కొద్దీ బుట్టలకి బుట్టలు ఒక్కసారే కుమ్మరిస్తున్నారు, అడుగున బూడిద కదలడం లేదు. ఇప్పుడేం చెయ్యాలో ఆలోచించవలసింది నేనే అన్నట్టు అందరూ నా మొహం కేసి చూశారు. మేఘాలు కూడా అప్పుడే కమ్ముకుంటున్నాయి.

ఇక దాచి లాభం లేదు. "ఆలోచన నాది కాదండి. పెద్దాపురంలో మరమరాలు వేపే మామ్మది" అని తలవంచుకుని చెప్పేశాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. కామందుగారు మాత్రం, "మరి ఇంకా నిలబడ్డావేం? బండి కట్టించు" అన్నారు.

జాతర రద్దీలో మామ్మ వస్తుందని నాకు నమ్మకం లేదు. నేను చెప్పిందంతా విని, "రైతుల ధాన్యం తడిసిపోతాదా?" అని ఒక్కటే అడిగింది. మూకుడు దించి, పొయ్యి కోడలికి అప్పగించి బండెక్కింది. మిల్లులో కొలిమి చుట్టూ ఒకసారి తిరిగి, కొంగు నడుముకి బిగించి నిచ్చెన ఎక్కుతుంటే, నేను కింద దాన్ని రెండు చేతులా పట్టుకున్నాను. "తల లోపల పెట్టకు మామ్మా!" అని అరిచాను. "నీలాగ నేనెందుకు పెడతాను బాబూ" అంది. నా ఖ్యాతి అప్పటికే పెద్దాపురం దాకా పాకిందన్నమాట. "అన్నం తినే బిడ్డకి కుండ నోట్లో బోర్లించేత్తారేంటి? కొంచెం కొంచెం పెట్టండి. మజ్జమజ్జన ఊచతో బూడిద కదపండి" అంది.

"మూత తీస్తే గాలి చొరబడుతుందమ్మా, గ్యాసు పాడవుద్ది" అన్నాడు ఫిట్టరు గారు.

"అయితే తియ్యకుండా ఎయ్యండి. అది మీ ఇనప పని, నాకేం తెలుసు?"

ఫిట్టరు గారు పకపకా నవ్వాడు. మూడు రోజులు కూర్చుని రెండు మూతల పెట్టె ఒకటి చేశాడు. పైమూత తీసి ఊక వేసేటప్పుడు కిందిమూత మూసి ఉంటుంది. పైది మూశాక కిందిది తెరిస్తే ఊక జల్లుగా రాలుతుంది. బూడిద కదిపే ఊచకి కంత పెట్టి, చుట్టూ తడిగుడ్డ కట్టాడు. నాలుగో రోజు పొద్దున్న రాజేసిన కొలిమి చీకటి పడేదాకా ఆగలేదు. మర్నాటి నుంచి ముసురు పట్టింది. బయట వాన, లోపల మిల్లు, రెండూ పోటీపడి మోగాయి. రైతుల బస్తాలు ఒక్కటీ మొలకెత్తలేదు. కామందుగారు మామ్మకి పట్టుచీర పెట్టబోతే, "పొయ్యి దగ్గర పట్టుచీరెందుకు బాబూ, బండెడు ఊక పంపించండి చాలు" అంది. ఆయన ఉన్నన్నాళ్ళూ నెలనెలా బండి వెళ్ళేది.

ఈ విజయాన్ని మద్రాసు కంపెనీకి రాయకుండా ఉండగలనా? కొలిమి ఎలా మార్చామో బొమ్మతో సహా రాస్తూ, ఈసారి బుద్ధి తెచ్చుకుని, ఇదంతా మా సలహాదారు ఇంజనీరు చెప్పిన పద్ధతి అని రాశాను. మామ్మ అని ఇంగ్లీషులో ఎలా రాయాలో తెలియక పడ్డ పాట్లు అవి. నెల తిరక్కుండా ఆ కంపెనీ దొరగారి సంతకంతో జవాబు వచ్చింది. ఆ ఇంజనీరు గారిని ఒకసారి మద్రాసు పంపవలసిందని, రానూపోనూ రైలు ఖర్చులు తామే భరిస్తామని! ఉత్తరం పట్టుకుని పెద్దాపురం వెళ్ళి చదివి వినిపించాను. మామ్మ చీపురుకట్ట ఆపకుండా విని, "మద్రాసా? మరి బట్టీ ఎవరు చూత్తారు? ఆ దొరగారినే ఇటు రమ్మను బాబూ. నాలుగు రోజులు నా దగ్గర కూచుంటే నేర్పుతాను" అంది.

ఆ మాటనే పొల్లుపోకుండా ఇంగ్లీషులో పెట్టి పంపాను. జవాబు రాలేదు. దొరా రాలేదు. తర్వాత ఎన్నో కొలుములు కట్టించాను, ఇంజనీరు గారూ అని పిలిపించుకున్నాను. ఎవరైనా "ఎక్కడ నేర్చుకున్నారండీ?" అంటే మొదట్లో ఆ ఇంగ్లీషు పుస్తకం పేరే చెప్పేవాణ్ణి. నడివయసు దాటాకే, ఒక ఫిట్టరు గారి దగ్గరా, ఒక మామ్మ దగ్గరా అని చెప్పడం మొదలుపెట్టాను. వినేవాళ్ళు హాస్యమాడుతున్నాననుకునేవారు. వాళ్ళిద్దరూ ఇప్పుడు లేరు. ఆనాటి ఆ పందొమ్మిదేళ్ళ రైటరుని తలుచుకుంటే మాత్రం నవ్వొస్తుంది. "నాకు తెలియదు" అనే ఒక్క మాట అనడానికి వాడికి ఒక పేలుడూ, ఒక మూర్ఛా, ఒక జాతరా కావలసి వచ్చాయి. ఇప్పుడు నాకు అన్ని అక్కర్లేదు. అయినా, ఆ మాట అనేముందు ఇప్పటికీ కాస్త గొంతు సవరించుకుంటాను.