ఎఫ్‌కూ ఎక్స్‌కూ మధ్య రాయని మాట

మా స్వప్న ఇంటర్ లెక్కల్లో పాసైందండీ! పుట్టుకతోనే చూపు లేని నా బిడ్డకు పుస్తకాలు చదివి వినిపించింది ఏడో తరగతి చదివిన ఈ ముసలివాడే. మొదటిరోజు f(x) చూసి "ఎఫ్, బ్రాకెట్ల ఎక్స్" అని చదివాను.

"మా సారు ఎఫ్ ఆఫ్ ఎక్స్ అంటడు బాపూ."

"ఆఫ్ యాడున్నది బిడ్డా? ఈడ రాయలేదు గదా!"

"రాయరు బాపూ. చదివేటోళ్లే అనాలె."

ఈ సాయంత్రం ఫలితం విని ఇద్దరం ఏడ్చాం. నేను కళ్లు తుడుచుకోకముందే, ముందే తెప్పించి దాచిన డిగ్రీ పుస్తకం చేతిలో పెట్టి, "చదువు బాపూ" అంది. తెరిస్తే ఎఫ్ పక్కన, అద్దంలో చూసిన ఆరు అంకెలాంటి గుర్తు! దాన్నేమని చదవాలో తెలిసినవాళ్లు జర చెప్పండి.

ఈలోగా స్టేషన్ ఘన్‌పూర్ అక్కకు, హనుమకొండ బావకు, తమ్ముళ్లకు చెప్పాలి. చూపులేని పిల్లకు లెక్కలెందుకన్న పాలంపేట చిన్నమ్మకైతే అందరికంటే ముందు చెప్పాలి.